మన పన్ను, వాళ్ళ బీహార్, మధ్యలో యాద్గిర్: బెంగళూరులోని మన తెలుగు సంఘం కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ పెద్దలకి, గ్రూపులో ఉన్న అన్నలకి, అక్కలకి నమస్కారం.

కర్ణాటకలో మనం కట్టిన పన్ను బీహార్, యూపీలకి పోతోంది, మన వాటా మనకే రావాలి అని ఢిల్లీకి పంపడానికి మీరు గ్రూపులో పెట్టిన "మన పన్ను మనకే" వినతిపత్రం మొత్తం చదివాను. సంతకం పెట్టినవాళ్ళ పేర్లు పచ్చరంగులో, పెట్టనివాళ్ళవి ఎరుపులో ఉన్నాయి, నాది ఎరుపే. ఎందుకు పెట్టలేదని ఒకరిద్దరు ఫోన్ చేశారు, ఒక అన్న అయితే "ఏం తల్లీ, నువ్వు బీహార్ పార్టీనా" అని నవ్వులాటకే అన్నాడు గానీ అందులో కొంచెం కారం కూడా ఉంది. ఫోన్లో చెప్తే సగం వినేసరికే వాదన మొదలవుతుంది, అందుకే అందరికీ కనపడేట్టు రాస్తున్నా. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక చేసుకోండి.

ముందే చెప్పేస్తున్నా, మీ కోపం ఉత్తుత్తిది అని నేను అనట్లేదు, దానికి లెక్క ఉంది. కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంత అని తేల్చేది ఆర్థిక సంఘం. 14వ సంఘం టైంలో (2015-20) రాష్ట్రాలకి పంచే పన్నుల్లో కర్ణాటక వాటా 4.713 శాతం, 15వ సంఘం (2021-26) వచ్చేసరికి 3.647కి దిగింది. అదే సంఘం బీహార్‌కి 10.058 ఇచ్చింది, యూపీకి 17.939 ఇచ్చింది, మన ఆంధ్రాకి 4.047, తెలంగాణకి 2.102. ఒక శాతమే కదా అనిపిస్తుంది గానీ పంచేది లక్షల కోట్లు, అందులో ఒక శాతం అంటే ఏడాదికి వేల కోట్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ సాయంత్రం గంటలు గంటలు కార్లో కూర్చుని, నా పన్ను ఏమైపోతోంది అని అడిగేవాణ్ణి నేను తప్పుపట్టను.

అది ఎందుకు తగ్గింది అంటే, ఆ ఫార్ములాలో 45 శాతం వెయిటేజీ "ఆదాయ దూరం" అనేదానికి ఇచ్చారు. అంటే తలసరి ఆదాయం బాగా ఉన్న రాష్ట్రంతో పోలిస్తే నువ్వు ఎంత వెనక ఉంటే నీకు అంత ఎక్కువ వాటా. మిగిలింది జనాభాకి 15, విస్తీర్ణానికి 15, అడవులకి 10, జనాభా అదుపులో పెట్టినందుకు 12.5, పన్ను వసూలు బాగా చేసినందుకు 2.5. మీ వినతిపత్రంలో "పిల్లల్ని కంటూ పోయినోళ్ళకి బహుమతులా" అని ఒక లైను ఉంది కదా, ఆ పన్నెండున్నర పెట్టిందే అందుకు. చాలదు అనుకుంటే చాలదు అని రాయండి, అసలు లేనే లేదన్నట్టు రాస్తే ఢిల్లీలో చదివే ఆఫీసరు మొదటి పేజీలోనే పక్కన పడేస్తాడు.

ఇప్పుడు నాకున్న అసలు పేచీకి వస్తా. ఆ ఆదాయ దూరం కొలిచేది రాష్ట్రం మొత్తానికి ఒకే ఒక్క సగటుతో. మరి కర్ణాటక సగటు అంత పైకి పోవడానికి కారణం ఎవరు? రాష్ట్ర మొత్తం ఉత్పత్తిలో మూడో వంతుకి పైగా ఒక్క బెంగళూరు అర్బన్ జిల్లాదే. వైట్‌ఫీల్డ్‌లో, సర్జాపుర రోడ్డులో, ఎలక్ట్రానిక్ సిటీలో మనం తీసుకునే జీతాలన్నీ ఒక పద్దులో వేసి, ఉత్తర కర్ణాటకలో యాద్గిర్ వాడి తల, రాయచూరు వాడి తల, కలబురగి వాడి తల కూడా లెక్కపెట్టి భాగించి, "మీ రాష్ట్రం బాగానే ఉంది, మీకు తక్కువ చాలు" అన్నారు. కలబురగి జిల్లా తలసరి ఆదాయం బెంగళూరు అర్బన్‌లో నాలుగో వంతు కూడా ఉండదు, ఇది కర్ణాటక ప్రభుత్వం వేసే ఆర్థిక సర్వేల్లో జిల్లాలవారీగా ఉంటుంది, చూసుకోవచ్చు. మన ఊళ్ళల్లో జరిగేదే ఇది కూడా, చిన్నకొడుకు బెంగళూరులో ఇన్‌కమ్ టాక్స్ కడుతున్నాడని చెప్పి ఊళ్ళో అదే కార్డులో ఉన్న అమ్మానాన్నల రేషన్ బియ్యం ఆపేస్తారు చూడండి, కొడుకు డబ్బు పంపిస్తున్నాడా లేదా అని ఎవరూ అడగరు, అట్లా అన్నమాట. మన జీతం యాద్గిర్‌కి పోలేదు, మన జీతం వల్ల వచ్చిన కోత మాత్రం పోయింది.

మీరేమో "ఈ కోత వల్ల నష్టపోయింది కష్టపడి పన్ను కట్టే బెంగళూరు ఉద్యోగి" అని రాశారు. ఆ వాక్యం దగ్గరే నా పెన్ను ఆగిపోయింది. మనకి ఏం నష్టం జరిగింది చెప్పండి? నీళ్ళు రాకపోతే ట్యాంకర్ తెప్పించుకుంటాం, కరెంటు పోతే జనరేటర్, గవర్నమెంట్ స్కూలు బాగాలేకపోతే ఇంటర్నేషనల్ స్కూలు. రాష్ట్రానికి రావాల్సింది తగ్గితే ముందు ఆగేది రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలో హాస్టలు, యాద్గిర్ జిల్లా సురపురలో ఆసుపత్రి నర్సు పోస్టు. కష్టం వాళ్ళది, వినతిపత్రం మనది.

సరే, బీహార్ సంగతి. అందరూ బీహార్ బీహార్ అంటున్నారు కాబట్టి ఒక్క లెక్క పక్కపక్కన పెడతా. 2011 జనగణనలో బీహార్ అక్షరాస్యత 61.80 శాతం. అదే జనగణనలో యాద్గిర్ జిల్లా 51.83, రాయచూరు 59.56. "అది కన్నడవాళ్ళ సంగతిలే" అంటారా, మనవి చూడండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 55.04. విజయనగరం 58.89. నేను పుట్టిన కర్నూలు జిల్లా 59.97. నాలుగైదు జిల్లాలు, అన్నీ దక్షిణాదిలోనే, అన్నీ మీరు వెక్కిరించే బీహార్ సగటు కంటే కింద ఉన్నాయి. గ్రూపులో "బీహారీ చదువు" అని జోకులేసిన తమ్ముడిది విజయనగరమే అని నాకు తెలుసు, పేరు చెప్పను.

ఇంకా వెనక్కి పోతే, 2011-12లో టెండూల్కర్ కమిటీ పేదరికపు లెక్క ప్రకారం దేశంలో పేదలు 21.9 శాతం, కర్ణాటకలో 20.91. అంటే సిలికాన్ సిటీ అని పేరొచ్చి అన్నేళ్ళయ్యాక కూడా ఈ రాష్ట్రం దేశ సగటు దగ్గరే ఉంది. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.20, కేరళలో 7.05, తమిళనాడులో 11.28. బెంగళూరు ఒక్కటి ఎగిరితే రాష్ట్రం ఎగరదు అనడానికి ఇంకేం కావాలి. (ఆ లెక్కలో పేదరికపు గీత కూడా పల్లెల్లో నెలకి మనిషికి 816 రూపాయలు, ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఒక సినిమాకి పోయి తిని వస్తే అయిపోయే డబ్బు, ఆ గొడవలోకి ఇప్పుడు పోను.)

తర్వాత నీతి ఆయోగ్ వాళ్ళు డబ్బులతో కాకుండా ఆరోగ్యం, చదువు, ఇంటి వసతులు కలిపి పన్నెండు సూచికలతో లెక్క మార్చారు. దాని ప్రకారం 2015-16కీ 2019-21కీ మధ్య దేశంలో పేదలు 24.85 శాతం నుంచి 14.96కి తగ్గారు. కేరళలో 0.55 శాతం, తమిళనాడులో 2.20, తెలంగాణలో 5.88, ఆంధ్రాలో 6.06, కర్ణాటకలో 7.58. బీహార్‌లో 33.76, అప్పటికీ దేశంలో అందరికంటే ఎక్కువే, కానీ ఐదారేళ్ళ ముందు అది 51.89. ఇదంతా మన పన్ను పుణ్యమే అని నేను చెప్పను, ఆ సూచికల్లో బ్యాంకు ఖాతా ఉందా, మరుగుదొడ్డి ఉందా, కరెంటు ఉందా అనేవి కూడా ఉన్నాయి, ఖాతా తెరిచినంత మాత్రాన అందులో డబ్బు ఉన్నట్టు కాదు, అది మనందరికీ తెలుసు. కానీ "పోసిందంతా ఇసుకలో పోసినట్టే" అని మీరు రాసిన లైను మాత్రం నిలబడదు, పదిమందిలో ఐదుగురు ఉన్నచోట మూడున్నరకి దగ్గరగా వచ్చారంటే అది చిన్న విషయం కాదు.

బీహార్ వాళ్ళు సోమరిపోతులు కాబట్టి పేదగా ఉన్నారు అనే మాటకి వేరే జవాబు అక్కర్లేదు, మన అపార్ట్‌మెంట్లు కడుతున్నది ఎవరో బాల్కనీలోంచి చూస్తే చాలు. కారణాలు పాతవి. 1793లో కార్న్‌వాలిస్ పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి వల్ల అక్కడ భూమి మొత్తం జమీందార్ల చేతుల్లోకి పోయింది. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కూడా జమీందారీలే, అది గుర్తు పెట్టుకోండి. స్వతంత్రం వచ్చాక 1952 నుంచి 90ల మొదటిదాకా సరుకు రవాణా ఖర్చు సమానం చేసే పాలసీ ఒకటి నడిపారు, అంటే బొగ్గు, ఉక్కు దేశంలో ఎక్కడ కొన్నా ఒకటే రేటు. ఝార్ఖండ్ అప్పుడు బీహార్‌లోనే ఉండేది, గనులు వాళ్ళ ఊళ్ళో, ఫ్యాక్టరీలు మాత్రం సముద్రం ఒడ్డున ముంబై, మద్రాసు వైపు పెట్టుకుంటే నష్టం ఏమీ లేదు. దక్షిణాది, పడమటి రాష్ట్రాలు ఎదగడంలో ఆ పాలసీకీ కొంత పాత్ర ఉంది. 2000లో ఝార్ఖండ్ విడిపోయాక గనులు కూడా పోయి, బీహార్‌కి మిగిలింది వరదలొచ్చే పొలాలు. మన దగ్గర రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాద్ పోయిందని ఏళ్ళ తరబడి ఏడ్చినవాళ్ళం మనం, ఆ బాధ మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

ఇంకొకటి, "రూపాయి కడితే ఇన్ని పైసలే వెనక్కి" అని గ్రూపుల్లో తిరిగే బొమ్మ. నేను అకౌంట్స్ పనిలో ఉన్నా, టీడీఎస్‌లు, రిటర్నులు రోజూ చూసేదాన్ని, అందుకని చెప్తున్నా. ఇన్‌కమ్ టాక్స్ ఎక్కడ వసూలైనట్టు రాస్తారు? కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడుందో అక్కడ. పట్నాలో ఒకావిడ సబ్బు కొంటుంది, ఆ లాభం మీద టాక్స్ ముంబైలో పడుతుంది. ఆమె కొడుకు ఫోన్లో ఏదో ఆర్డర్ పెడతాడు, ఆ కమిషన్ మీద టాక్స్ బెంగళూరులో పడుతుంది. జీఎస్టీని సరుకు వాడిన రాష్ట్రానికి చేరేట్టు పెట్టారు గానీ ఇన్‌కమ్ టాక్స్‌కి అట్లాంటి ఏర్పాటు లేదు, మా ఆఫీసులో కట్టే టాక్స్‌లో ఒరిస్సా కస్టమర్ డబ్బూ ఉంటుంది, ఆదోని కస్టమర్ డబ్బూ ఉంటుంది, చలానా మీద మాత్రం బెంగళూరు అనే ఉంటుంది. అట్లాంటి చలానాలు కూడి "మనం కట్టింది" అని బొమ్మ వేసుకుని ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

నిజంగా కొట్లాడాల్సిన లెక్క ఇంకొకటుంది, మీ వినతిపత్రంలో దాని ఊసే లేదు. సెస్సులు, సర్‌చార్జీలు. కేంద్రం పన్ను అని వసూలు చేస్తే అందులో 41 శాతం రాష్ట్రాలకి పంచాలి, అదే సెస్ అనో సర్‌చార్జ్ అనో పేరు పెట్టి వసూలు చేస్తే పంచక్కర్లేదు, మొత్తం వాళ్ళ దగ్గరే. పెట్రోలు కొట్టించుకున్న ప్రతిసారీ, ఇన్‌కమ్ టాక్స్ మీద నాలుగు శాతం హెల్త్ ఎడ్యుకేషన్ సెస్ కట్టిన ప్రతిసారీ మీరు పంపకంలోకి రాని డబ్బే కడుతున్నారు. దీనివల్ల కర్ణాటకకీ నష్టమే, ఆంధ్రాకీ నష్టమే, బీహార్‌కి ఇంకా ఎక్కువ నష్టం. కొట్లాట పెట్టుకుంటే ఇక్కడ పెట్టుకోవాలి, ఇందులో పట్నా వాడు మన పక్కనే నిలబడతాడు.

మా అపార్ట్‌మెంట్ వెనక కొత్త టవర్ లేస్తోంది, దాని పక్క ఖాళీ సైట్‌లో రేకుల షెడ్లు, ఇంకొంచెం అవతల నీలం షీట్లు కప్పిన గుడిసెలు. మీ అందరి అపార్ట్‌మెంట్ల పక్కన కూడా ఇవే. రాడ్ బెండింగ్, సెంట్రింగ్ పని చేసేది ఎక్కువ బీహార్, బెంగాల్ కుర్రాళ్ళు, రేకుల షెడ్లలో ఉంటారు. మట్టి పని, కంకర మోసే పని, రాళ్ళు ఎత్తే పని నీలం షీట్ల వాళ్ళది, వాళ్ళు దేవదుర్గ, లింగసుగూరు, సురపుర నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళతో కలిసి మా కోసిగి, కౌతాళం వాళ్ళు. మా వైపు పంట పోయిన ఏడు ఊరికి తాళమేసి పనికి పోవడాన్ని సుగ్గికి పోవడం అంటాం, గుంటూరు మిరపకాయ కోతకో, బెంగళూరు బిల్డింగ్ పనికో, పిల్లల్ని బడి మానిపించి వెంటబెట్టుకుని పోతారు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మాట వాళ్ళది, ఏ రాష్ట్రం అని అడిగితే ఊరి పేరు చెప్తారు, మీరు ఇంకోసారి అడిగితే తాలూకా పేరు చెప్తారు.

శనివారం బటవాడ అంటారు గానీ చేతికి వచ్చేది ఖర్చీ మాత్రమే, వారం తిండికి సరిపడా. లెక్క మొత్తం మేస్త్రీ దగ్గర నోటుబుక్కులో ఉంటుంది, పండక్కి ఊరికి పోయేటప్పుడు చూసుకుందాం అంటాడు, ముందు ఇచ్చిన అడ్వాన్సు అందులోనే తీసేస్తాడు. వాళ్ళల్లో ఒక అక్క రేషన్ కోసం మా సందులో షాపుకి పోతే నేనూ తోడు పోయా. కార్డు ఊళ్ళో అత్త దగ్గరుంది, నంబరు ఒక చీటీ మీద రాసుకుంది, ఏ రాష్ట్రం కార్డుకైనా ఎక్కడైనా బియ్యం ఇవ్వాలని 2019లో మొదలుపెట్టిన పద్ధతి ఉంది కదా, దేశమంతా వచ్చేసింది కూడా. మిషన్ మీద వేలు పెట్టింది, పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఇంకో చేయి, ఒక్కటీ పడలేదు. సిమెంటు కలిపి కలిపి ఆమె వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. చెంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. షాపాయన మంచివాడే, "రేపు పొద్దున రామ్మా, చేతులు ఆరి ఉంటే పడుతుంది" అన్నాడు. రేపు పొద్దున అంటే సగం రోజు కూలి పోయినట్టు, ఆ కూలితో కొనుక్కునే బియ్యం ఈ ఉచిత బియ్యం కంటే ఎక్కువ వస్తుంది, ఆమె ఆ లెక్క అక్కడే నిలబడి వేసుకుంది, వెళ్ళిపోయింది.

మీ వినతిపత్రంలో ఈమె ఏ వైపు? దక్షిణాది మనిషే, పన్ను కూడా కడుతుంది, నూనె కొంటే కడుతుంది, సబ్బు కొంటే కడుతుంది, "మన పన్ను" అన్నప్పుడు ఆమెది కూడా మన లెక్కలోనే ఉందా?

వానలు లేని ఆ పట్టీ మొత్తం ఒకటే, అనంతపురం నుంచి మా ఆదోని మీదుగా రాయచూరు దాకా. తుంగభద్రకి ఇవతల మేము బ్రిటిష్ వాళ్ళ కింద, అవతల వాళ్ళు 1948 దాకా నిజాం కింద ఉన్నాం, రాజులు వేరైనా మబ్బు ఒకటే. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకి నీళ్ళల్లో ముందు వాటా అని రాసుకున్నారు, అది ఏమైందో మళ్ళీ చెప్పను. 1953లో తుంగభద్ర డ్యాం వచ్చింది, మా వైపు ఎల్లెల్సీ అనే దిగువ కాలవ చివరి ఊళ్ళకి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అటువైపు సింధనూరు, గంగావతి, మాన్విలో నీళ్ళు పారిన చోట మాత్రం మన కోస్తా రైతులు వచ్చి భూములు కొనుక్కుని వరి వేసి బాగుపడ్డారు, ఆ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. వాళ్ళని ఎవరూ రావద్దనలేదు. ఇది ఎందుకు చెప్తున్నా అంటే బతుకుతెరువు కోసం ఇంకో రాష్ట్రానికి పోవడం బీహార్ వాళ్ళు కనిపెట్టింది కాదు, డ్యాం ఎక్కడ కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేది, ఇప్పుడు కోడ్ రాసే చోట మనం ఉన్నాం. ఇదే బెంగళూరులో కొన్ని గ్రూపుల్లో మన గురించి, తెలుగోళ్ళ గురించి, మీరు బీహార్ గురించి రాసిన మాటలే అక్షరం పొల్లుపోకుండా తిరుగుతున్నాయి, మీరూ చూసే ఉంటారు, చూసి ఉడుక్కునే ఉంటారు.

జిల్లాల మధ్య ఈ తేడాకి కర్ణాటక దగ్గర మందు లేదా అంటే, కాగితం మీద ఇరవై ఏళ్ళకి పైగా ఉంది. 2002లో నంజుండప్ప కమిటీ తాలూకా తాలూకా లెక్క తీసి, 175 తాలూకాల్లో 114 వెనకబడ్డాయని, అందులో 39 మరీ అధ్వాన్నంగా ఉన్నాయని తేల్చింది, ఆ 39లో 21 ఒక్క గుల్బర్గా (ఇప్పటి కలబురగి) డివిజన్‌లోనివే. ఎనిమిదేళ్ళలో 31,000 కోట్లు పెట్టమంది. తర్వాత 2012లో 98వ రాజ్యాంగ సవరణ చేసి 371 జె తెచ్చారు, ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో ఒకప్పటి నిజాం ప్రాంతమైన హైదరాబాద్ కర్ణాటక వాళ్ళకి వాటా. 2019లో ఆ పేరు మార్చి కల్యాణ కర్ణాటక అన్నారు. పేరు మార్చడం మాత్రం చకచకా అయిపోయింది. నంజుండప్ప చేసిన మంచిపని ఏంటంటే రాష్ట్రం సగటు వదిలేసి తాలూకా దాకా దిగి చూడటం, ఢిల్లీ వాళ్ళు చేయనిది అదే.

మన ఆంధ్రా, తెలంగాణల్లో ఇంకా విచిత్రం. విభజన చట్టం కింద సీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు, ఏడింటికీ వెనకబడిన ప్రాంతాల ప్యాకేజీ అని ఏడాదికి జిల్లాకి 50 కోట్లు అన్నారు, మొదటి మూడేళ్ళకి ఏడు జిల్లాలకీ కలిపి 1,050 కోట్లు ఇచ్చారు. తెలంగాణలో తొమ్మిది జిల్లాలకీ జిల్లాకి 50 కోట్లే. ఇక్కడ బెంగళూరులో మన ఈజీపుర ఫ్లైఓవర్ 2017లో రెండు వందల కోట్ల పైచిలుకుతో మొదలైంది, రెండున్నర కిలోమీటర్లు, ఏళ్ళ తరబడి ఉత్త స్తంభాలే చూశాం. అంటే అనంతపురం జిల్లా అంత జిల్లాకి నాలుగేళ్ళ ప్యాకేజీ కలిపినా మనకి ఒక ఫ్లైఓవర్ రాదు. తెలంగాణలో రంగారెడ్డి తలసరి ఆదాయం పక్కనే ఉన్న వికారాబాద్ కంటే నాలుగు రెట్ల పైమాటే. బీహార్‌లోనూ ఇదే కథ, పట్నా ఒక దేశం, శివహర్ ఒక దేశం. ఇంకో ఉదాహరణ చెప్పి వదిలేస్తా, 2022-23లో పల్లెల్లో వ్యవసాయ కూలి కేరళలో రోజుకి 764 రూపాయలు, గుజరాత్‌లో 242, మధ్యప్రదేశ్‌లో 229. గుజరాత్ పేద రాష్ట్రం అని ఎవరైనా అంటారా? రాష్ట్రం డబ్బున్నదైతే కూలివాడికి డబ్బున్నట్టు కాదు.

"అయితే ఢిల్లీని ఏమీ అడగొద్దా" అని అడుగుతారు. అడగండి, గట్టిగా అడగండి. నేను సంతకం పెట్టాలంటే మాత్రం ఈ మార్పులు చేయండి.

ఒకటి, బీహార్, యూపీ పేర్లు, ఆ వెక్కిరింపు లైన్లు తీసేయండి, వాటి బదులు సెస్సులు, సర్‌చార్జీలు కూడా పంపకంలో కలపాలని మొదటి డిమాండ్‌గా పెట్టండి. నియోజకవర్గాల పునర్విభజన గొడవ ఇందులో కలపొద్దు, అది నిజమైన గొడవే గానీ దానికి వేరే కాగితం రాద్దాం, అప్పుడు నేనే ముందు పెడతా సంతకం.

రెండోది, ఆదాయ దూరం లెక్కేసేటప్పుడు రాష్ట్రం లోపల జిల్లాల మధ్య తేడాని కూడా చూడాలని అడగండి. బెంగళూరు, హైదరాబాద్ లాంటి ఒక్క ఊరి వల్ల సగటు పెరిగిన రాష్ట్రాలకి ఇది న్యాయంగా దొరకాల్సింది, అడగడానికి మొహమాటం కూడా అక్కర్లేదు. అట్లా వచ్చే డబ్బు వెనకబడిన తాలూకాలకే పోవాలని కూడా అదే వాక్యంలో రాయండి, రెండో సగం లేకుండా మొదటి సగం రాస్తే యాద్గిర్ పేరు చెప్పి మళ్ళీ బెంగళూరుకే ఫ్లైఓవర్ అడిగినట్టు ఉంటుంది. ఈ కాగితం కాపీలు బెంగళూరుకి, అమరావతికి, హైదరాబాద్‌కి కూడా పంపండి, ఏ జిల్లాకి ఎంత ఇచ్చారో ఏడాదికోసారి బయటపెట్టమని ఈ మూడు ప్రభుత్వాలనీ అడగండి. పొరుగువాణ్ణి లెక్క అడిగేముందు మన ఇంటి లెక్క బయట పెడితే మాటకి బరువొస్తుంది.

ఇంకొకటి ఢిల్లీతో పనిలేనిది, మన చేతిలో ఉన్నది. 1996 చట్టాలతో మొదలైన పద్ధతి ప్రకారం ప్రతి పెద్ద బిల్డింగ్ కట్టే ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి సెస్ కడతారు, మన ఫ్లాట్ల రేట్లో అది కలిసే ఉంది, అంటే ఆ డబ్బు మనం ఇచ్చేశాం. లేబర్ కార్డు ఉంటేనే అది వాళ్ళకి అందుతుంది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు కాగితం ఉండాలి, ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి మేస్త్రీలు, కాంట్రాక్టర్లు సవాలక్ష సాకులు చెప్తారు. అదే ఫ్లాటు కొన్నవాళ్ళు, అందులో అసోసియేషన్ సెక్రటరీ, లెటర్‌హెడ్ మీద అడిగితే ఎందుకు పెట్టరు? మన గ్రూపులో కనీసం పదిమంది వాళ్ళ వాళ్ళ అసోసియేషన్లలో సెక్రటరీలో ట్రెజరర్లో, సంక్రాంతి ముగ్గుల పోటీకి స్పాన్సర్లని పట్టుకొచ్చే ఓపిక ఉన్నవాళ్ళు ఇది చేయలేరా. ఫారాలు నింపే పని నాకు ఇవ్వండి, నా రోజువారీ పనే అది.

ఆదివారం మీటింగ్‌లో నాకు ఒక పావుగంట కావాలి. పైన చెప్పిన లెక్కలన్నీ ప్రింట్ తీసి తెస్తా, ఎవరికైనా అనుమానం ఉంటే అక్కడే చూసుకోవచ్చు. నీలం షీట్ల వాళ్ళల్లో ఇద్దరు వస్తామన్నారు, ఒకరిది కోసిగి, ఒకరిది దేవదుర్గ, బీహార్ కుర్రాడు ఒకడు వస్తే రావచ్చు. వాళ్ళకి ఆదివారం కూడా సాయంత్రం దాకా పని ఉంటుంది, మీరు మీటింగ్ పొద్దున పదకొండుకి పెట్టారు. అది సాయంత్రం ఏడింటికి మార్చండి, మారిస్తే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి, నేను వాళ్ళకి చెప్పుకోవాలి.

ఇట్లు,
ఆదోని వైపు నుంచి వచ్చి కుందలహళ్ళిలో ఉంటున్న మీ సభ్యురాలు